మహిళల దశల సైకిల్ పందేలలో ఒంటరి ముందంజ

ఒంటరి ముందంజ అనగా రోడ్డు సైకిల్ పందెంలో ఒక సైక్లిస్టు ప్రధాన గుంపు (పెలోటాన్) నుండి విడివడి, తోడు ఎవరూ లేకుండా గమ్యం వరకు ఆధిక్యాన్ని నిలుపుకొనుటకు చేసే ప్రయత్నం. పలు రోజులపాటు సాగే దశల పందేలలో (స్టేజి రేసులలో) ఇది ఆ నాటి గెలుపును మాత్రమే గాక మొత్తం పందెపు ఫలితాన్ని కూడా నిర్ణయించగలదు. చూచువారికి ఇది ఒక్క మనిషి బలప్రదర్శనగా తోచును. కాని ముందున్న వ్యక్తి బలం ఎంత ముఖ్యమో, వెనుకనున్నవారు ఆమెను తరుముటకు ఎంతవరకు ఏకమవుతారనేది కూడా అంతే ముఖ్యం. మహిళల వృత్తి పందేలలో ఇటీవలి ఫలితాలు అనేకం ఈ రెండవ అంశంపైననే తేలినవి. 2024లో టూర్ డి ఫ్రాన్స్ ఫామ్ పందెం 8 దశల తరువాత కేవలం 4 సెకన్ల తేడాతో ముగియుటకు కూడా ఇదే కారణం.

పందెపు స్వరూపం

దశల పందెంలో ప్రతి దినం ఒక దశ జరుగుతుంది. ఒక్కొక్క సైక్లిస్టు అన్ని దశలకు కలిపి తీసుకున్న కాలాన్ని కూడగా, అతి తక్కువ కాలం తీసుకున్నవారు మొత్తం విజేత అవుతారు. కావున ఒక్క దశనైనా గెలవకుండానే పందెాన్ని గెలువవచ్చును. పలు దశలు గెలిచి కూడా పందెాన్ని కోల్పోవచ్చును. దశాంతంలో మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్ల చొప్పున కాలం తగ్గించే ఆనవాయితీ కలదు. దీనిని బోనస్ కాలం అంటారు. గుంపుగా గమ్యం చేరినవారందరికీ ఒకే కాలం లెక్కిస్తారు.

మొత్తం కాలంలో ముందున్నవారు ప్రత్యేకమైన జెర్సీ ధరిస్తారు. టూర్ డి ఫ్రాన్స్ ఫామ్‌లో ఇది పసుపు రంగు, ఇటలీ పందెమైన జిరోలో గులాబి రంగు, స్పెయిన్ పందెమైన వుయెల్తాలో ఎరుపు రంగు. మహిళలకు నేడు ప్రధానమైన దశల పందేలు ఈ మూడే.

పందెంలో పాల్గొనేది జట్లే. టూర్ డి ఫ్రాన్స్ ఫామ్‌లో ఒక్కొక్క జట్టుకు 7గురు సభ్యులుంటారు; పురుషుల టూర్‌లో 8 మంది. జట్టులో ఒకరిద్దరు నాయకురాండ్రు. మిగిలినవారు వారికి గాలి అడ్డుకొనుట, నీళ్ళ సీసాలు అందించుట, పారిపోయినవారిని తరుముట వంటి పనులు చేస్తారు. జట్టు చిన్నది కావటం వలన మహిళల పందేలలో ఈ సహాయకులు త్వరగా అలసిపోతారు. పెద్ద కనుమ ఒకటి ఎక్కేసరికి నాయకురాలు ఒంటరిగా మిగిలిపోవటం సాధారణం. పురుషుల పందేలతో పోల్చినప్పుడు గమ్యానికి చాలా దూరం నుండి మొదలైన ముందంజలు ఇక్కడ తరచుగా ఫలించుటకు ఇది ఒక ముఖ్య కారణం.

గాలి చాటు

సమతలమైన రోడ్డుపై వేగంగా పోయే సైక్లిస్టుకు ప్రధాన శత్రువు గాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దానిని అధిగమించుటకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వేగాన్ని 10 శాతం పెంచవలెనన్న శక్తిని సుమారు 33 శాతం పెంచవలసి ఉంటుంది. మరొక సైక్లిస్టు వెనుక దగ్గరగా పోయేవారికి ఈ శ్రమలో దాదాపు మూడవ వంతు తగ్గుతుంది. పెద్ద గుంపు నడుమ ఉన్నవారికి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. దీనినే గాలి చాటున పోవుట అనవచ్చును.

ఇది కొండలు లేని ప్రాంతాలవారికి కూడా అనుభవంలో ఉన్న విషయమే. కోనసీమలో ఐ.పోలవరం మండలానికి చెందిన ఎదుర్లంక వద్ద గౌతమిపై ఉన్న వారధిని సైకిలుపై దాటేటప్పుడు, అంతవరకు తోడున్న కొబ్బరితోటల చాటు తొలగి, పక్క నుండి వచ్చే గాలికి సైకిలు నడక మారుతుంది. అప్పుడు ముందు పోయేవానికి కొంచెం పక్కగా, గాలి తగలని వైపున ఒదిగి పోవటం ఎవరూ నేర్పకుండానే వస్తుంది. పందెంలో గుంపు చేసేది కూడా ఇదే. పక్కగాలి వీచినప్పుడు సైక్లిస్టులు రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుసగా ఏర్పడతారు. దీనికి ఎషెలాన్ అని పేరు. రోడ్డు వెడల్పు మేరకే ఈ వరుసలో చోటు ఉంటుంది. చోటు దొరకనివారు రోడ్డు అంచున గాలికి చిక్కి, కొద్దిసేపటిలోనే వెనుకబడతారు. కొండ ఒక్కటైనా లేని దశలో నిమిషాలకు నిమిషాలు కోల్పోవుట ఈ విధంగానే జరుగుతుంది.

గోదావరి డెల్టా వలెనే కాలువలు, గట్లు, తేమ గాలి గల రైన్ నదీ డెల్టా దేశం నెదర్లాండ్స్. మారియాన్ వోస్, అన్నెమీక్ వాన్ వ్లూటెన్, డెమీ వొల్లెరింగ్ ముగ్గురూ ఆ దేశస్థులే. కొండలు లేని దేశంవారు కొండలలో గెలవటం వింతగా కనిపించినా, గాలిలో చోటు కొరకు పోరాడే విద్య వారికి చిన్ననాటి నుండే అబ్బినది.

తరిమేవారి లెక్క

ఫ్రెంచి సైక్లిస్టు, తరువాత వ్యాఖ్యాత అయిన రాబెర్ షాపాత్ పేరుతో ఒక మోటు లెక్క ప్రచారంలో ఉన్నది. దాని ప్రకారం, గట్టిగా తరిమే గుంపు ప్రతి 10 కిలోమీటర్లకు 1 నిమిషం చొప్పున దూరాన్ని పూడ్చగలదు. గమ్యానికి 30 కిలోమీటర్లు ఉండగా ముందున్నవారికి 3 నిమిషాలకు మించి ఆధిక్యం ఉంటే వారు గెలిచే అవకాశం కలదు. కొండలలోను, ఎదురుగాలిలోను ఈ లెక్క తప్పుతుంది. అయినప్పటికీ జట్ల కార్లలో కూర్చున్న నిర్వాహకులు నేటికీ దీనినే మనసులో ఉంచుకొంటారు.

లెక్కలో చెప్పని మాట ఒకటి ఉన్నది: గుంపు గట్టిగా తరిమితేనే ఇది జరుగుతుంది. తరుముటకు ఎవరో ఒకరు ముందుకు వచ్చి గాలిని మోయవలెను. మోసినవారు అలసిపోతారు, వారి వెనుక చాటున ఉన్న ప్రత్యర్థి తాజాగా మిగులుతుంది. కావున ప్రతి ఒక్కరూ మరొకరు తరిమితే బాగుండునని చూస్తారు. ఒకరి ముఖం ఒకరు చూచుకొనే ఈ కొద్ది క్షణాలలోనే ముందున్నవారికి అర నిమిషం చిక్కుతుంది. అదే జట్టు సభ్యురాలు ముందు ఉన్నప్పుడు వెనుకనున్నవారికి తరిమే బాధ్యత అసలే లేదు. 2019లో ఇంగ్లాండులోని హారోగేట్‌లో జరిగిన ప్రపంచ పోటీలో వాన్ వ్లూటెన్ 100 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా పోయి గెలిచింది. అది ఒక్కరోజు పందెమే అయినా ఇందుకు మంచి ఉదాహరణ. వెనుక గుంపులో ఆమె స్వదేశీయురాలైన అన్నా వాన్ డెర్ బ్రెగెన్ ఉండి తరుముటలో పాలుపంచుకొనలేదు. చివరకు ద్వితీయ స్థానం కూడా ఆమెకే దక్కింది.

మొత్తం కాలంలో బాగా వెనుకబడినవారు పారిపోతే నాయకురాండ్ర జట్లు పట్టించుకోవు. తమ స్థానానికి వారి వలన ముప్పు లేదు గనుక వదిలివేస్తారు. 2022 టూర్ డి ఫ్రాన్స్ ఫామ్ 4వ దశ త్రువా నుండి బార్-సుర్-ఓబ్ వరకు, ద్రాక్షతోటల నడుమ కంకర బాటలపై సాగింది. టైర్లు పగిలి, గుంపు చీలిపోయిన తరువాత నాయకురాండ్రు ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండగా స్విట్జర్లాండుకు చెందిన మార్లెన్ రాయ్సర్ దాదాపు 23 కిలోమీటర్లు ఉండగా విడివడి గెలిచింది. పూర్వాశ్రమంలో వైద్యురాలైన రాయ్సర్ గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్స్‌లో నేర్పరి. ఒకే వేగాన్ని అరగంటపాటు నిలుపుట ఆ విద్య. ఒంటరి ముందంజకు కావలసినది కూడా అదే.

2025లో ఫ్రాన్సుకు చెందిన మయేవా స్కీబాన్ వరుసగా 6వ, 7వ దశలను ఒంటరిగా గెలిచింది. ఆమె జట్టు నాయకురాలు ఎలిసా లాంగో బోర్గీనీ తొలి రోజులలోనే అనారోగ్యంతో తప్పుకొన్నది. కాపాడవలసిన నాయకురాలు లేని జట్టుకు పోగొట్టుకొనేది ఏమీ ఉండదు. ఆ స్వేచ్ఛ కూడా ఒక ఆయుధమే.

అన్ని ప్రయత్నాలూ ఫలించవు. 2023లో 3వ దశ మోంతిన్యాక్-లాస్కోలో ముగిసినది. బెల్జియంకు చెందిన యూలీ వాన్ డె వెల్డె చాలాసేపు ఒంటరిగా పోరాడి, ముగింపు తోరణం కనుచూపు మేరలో ఉండగా గుంపుకు చిక్కింది. దశ లోరెనా వీబెస్‌కు దక్కింది. వేగపు ముగింపులో నేర్పరులైన స్ప్రింటర్లున్న జట్లకు ఆ రోజు తరుముటకు బలమైన కారణం ఉన్నది. అందువలన షాపాత్ లెక్క సరిగ్గా పనిచేసింది.

కనుమలు, దిగుడులు

ఏటవాలు ఎక్కువైన కొద్దీ వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన కొద్దీ గాలి చాటు విలువ తగ్గుతుంది. అక్కడ ఎవరి బరువు వారే మోయవలెను. బలవంతులైన నాయకురాండ్రు నిజమైన దాడిని కనుమలకు వాయిదా వేయుటకు కారణం ఇదే.

2022 జూలై 30న సెలెస్తా నుండి లె మార్క్‌స్టైన్ వరకు జరిగిన 7వ దశలో వోజ్ పర్వతాలకు చెందిన మూడు కనుమలు వరుసగా వచ్చినవి. తొలి దినాలలో ఉదరవ్యాధితో బాధపడిన వాన్ వ్లూటెన్ అప్పటికి వెనుకబడి ఉన్నది. మొదటి కనుమ పెటీ బలోన్‌పైననే ఆమె దాడి చేయగా వొల్లెరింగ్ ఒక్కతే వెంట రాగలిగినది. రెండవ కనుమ ప్లాట్జర్‌వాజెల్‌పై ఆమె కూడా వెనుకబడినది. అక్కడి నుండి 60 కిలోమీటర్లకు పైగా వాన్ వ్లూటెన్ ఒంటరిగా పోయి 3 నిమిషాల 26 సెకన్ల తేడాతో గెలిచింది. మరునాడు పలుమార్లు సైకిలు మార్చవలసి వచ్చినా సూపర్ ప్లాంష్ డె బెల్ ఫీయ్ కొండపై కూడా ఆమెదే గెలుపు. అప్పటికి ఆమె వయస్సు 39 సంవత్సరాలు. ఇటువంటి విజయంలో ఎత్తుగడ పాలు తక్కువ, బలం పాలు ఎక్కువ. అయినను మొదటి కనుమలోనే దాడిచేయుట వలన ప్రత్యర్థుల సహాయకులందరూ ఒక్కసారిగా పందెం నుండి తొలగిపోయినారన్నది మరువరాదు.

మరుసటి ఏడు తూర్మలే కనుమ దశలో (7వ దశ) దీనికి భిన్నమైన దృశ్యం కనిపించినది. ముందరి ఆస్పాన్ కనుమ దిగుడులో పోలండుకు చెందిన కటార్జినా నీవియాడోమా ముందుకు పోగా, వాన్ వ్లూటెన్, వొల్లెరింగ్ ఒకరినొకరు చూచుకొని నెమ్మదించినారు. ఈ జాప్యంలో వెనుకబడినవారు తిరిగి వచ్చి కలిసినారు. వారిలో వొల్లెరింగ్ సహాయకురాలు, నాటి పసుపు జెర్సీధారి అయిన లోటె కొపెకీ కూడా ఉన్నది. చివరకు వొల్లెరింగ్ పొగమంచులో సుమారు 5 కిలోమీటర్లు ఉండగా విడివడి దశను, పసుపు జెర్సీని కూడా గెలిచింది. ఆగిపోయినట్లు కనిపించిన ఆ క్షణాలే ఆమెకు సహాయకురాలిని తెచ్చిపెట్టినవి.

దిగుడులో శ్రమ తక్కువ, ధైర్యం పాలు ఎక్కువ. 2024లో 6వ దశను సెద్రీన్ కెర్బోల్ దిగుడులో దాడిచేసి, ఒంటరిగా మోర్తో చేరి గెలిచింది. టూర్ డి ఫ్రాన్స్ ఫామ్‌లో దశ గెలిచిన మొదటి ఫ్రెంచి మహిళ ఆమె.

2024: నాలుగు సెకన్లు

2024 పందెం రోటర్‌డామ్‌లో ప్రారంభమైనది. 3వ దశ టైమ్ ట్రయల్‌ను గెలిచి వొల్లెరింగ్ పసుపు జెర్సీ ధరించినది. 5వ దశలో ఆమ్నెవీల్ పట్టణానికి సుమారు 6 కిలోమీటర్ల దూరంలో పలువురు సైక్లిస్టులు కూలిపోయినారు. వారిలో వొల్లెరింగ్ ఒకతె. చివరి 3 కిలోమీటర్లలో కూలినవారికి గుంపుతో సమానంగా కాలం ఇచ్చే నిబంధన ఉన్నది గాని, ఆమె పడిన చోటు ఆ హద్దుకు అవతల ఉన్నది. ఆ దశను ఆమె జట్టుకే చెందిన బ్లాంకా వాస్ గెలిచింది. వొల్లెరింగ్ మాత్రం నిమిషంన్నరకు పైగా కోల్పోయినది. జట్టు సభ్యులు ఆగి నాయకురాలిని వెంట తీసుకొని రావలసినది కాదా అన్న చర్చ చాలాకాలం నడచినది. పసుపు జెర్సీ నీవియాడోమాకు చేరినది.

ఆగస్టు 18న చివరి దశ ఆల్ప్ డ్యూయెజ్ కొండపై ముగియవలసి ఉన్నది. అప్పటికి వొల్లెరింగ్ 1 నిమిషం 15 సెకన్లు వెనుకబడి ఉన్నది. ఆల్ప్ డ్యూయెజ్ ఎక్కుడు 14 కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ, 21 మలుపులు. ఈ ఒక్క ఎక్కుడులోనే అంత కాలం రాబట్టుట కష్టమని తలచి కాబోలు, ఆమె అంతకు ముందరి గ్లాండన్ కనుమపైననే, గమ్యానికి 50 కిలోమీటర్లకు పైగా ఉండగా దాడిచేసినది. నీవియాడోమా వెనుకబడినది. నెదర్లాండ్స్‌కే చెందిన వేరొక జట్టు సభ్యురాలు పౌలీనా రోయ్‌యాకర్స్ మాత్రం వొల్లెరింగ్‌ను వదలలేదు.

పందెమంతా ఆ తరువాత రెండు కనుమల నడుమనున్న లోయలో నడచినది. ఎక్కుడుపై బలవంతురాలిదే పైచేయి. లోయలో గాలి చాటు మరల విలువైనదవుతుంది. సంఖ్య ఎక్కువున్నవారిదే పైచేయి. రోయ్‌యాకర్స్‌కు మొత్తం కాలంలో తన స్థానం తనకున్నది. వొల్లెరింగ్‌తో సమానంగా గాలి మోయుటకు ఆమెకు పెద్దగా కారణం లేదు; ఎక్కువ భారం వొల్లెరింగ్‌పైననే పడినది. వెనుక నీవియాడోమాకు ఆ ఇబ్బంది తక్కువ. తమ తమ స్థానాల కొరకు తరిమే ఇతర జట్లవారు ఆమె చుట్టూ ఉన్నారు. ఎవరూ ఆమె కొరకు పని చేయకపోయినా, వారి పని ఆమెకు ఉపకరించినది.

ఆల్ప్ డ్యూయెజ్‌పై పసుపు జెర్సీ ఎవరిదన్నది చివరి గీత వరకు తేలలేదు. వొల్లెరింగ్ రోయ్‌యాకర్స్‌ను వెనుకకు నెట్టి దశను గెలిచి 10 సెకన్ల బోనస్ పొందినది. నీవియాడోమా 1 నిమిషం 1 సెకను తరువాత నాలుగవ స్థానంలో గమ్యం చేరినది, బోనస్ దక్కలేదు. 75 సెకన్లలో 61, 10 పోగా మిగిలినవి 4. పురుషుల టూర్‌లో అతి తక్కువ తేడా 1989లో గ్రెగ్ లెమాండ్ గెలిచినప్పటి 8 సెకన్లు. ఇది అందులో సగం. మూడవ స్థానం పొందిన రోయ్‌యాకర్స్ విజేతకు 10 సెకన్ల దూరంలో నిలిచినది.

వొల్లెరింగ్ ఆ రోజు అందరికంటె బలవంతురాలన్నది నిస్సంశయం. అయినను ఆమెది పూర్తిగా ఒంటరి ముందంజ కాదు, పూర్తిగా జంట ముందంజా కాదు. చివరి గెలుపుకు పోటీ రాగల తోడు ఉండి, భారం పంచుకొనే తోడు లేకపోవుట ఒంటరితనం కంటె కష్టమని ఆ లోయ చూపినది.

మర్యాద, వివాదం

ప్రత్యర్థి ప్రమాదంలో పడినప్పుడుగాని, కాలకృత్యాలకు ఆగినప్పుడుగాని దాడి చేయరాదన్నది వ్రాతలో లేని నియమం. 2023 వుయెల్తా 6వ దశలో వొల్లెరింగ్ అట్లు ఆగిన సమయంలో వాన్ వ్లూటెన్ జట్టు పక్కగాలి ఉన్న రోడ్డుపై వేగం పెంచినది. గుంపు చీలిపోయి, ఎరుపు జెర్సీ వాన్ వ్లూటెన్‌కు చేరినది. తమ ఎత్తుగడ ముందుగానే నిర్ణయించుకొన్నదని ఆ జట్టు వారి సమాధానం. మరునాడు కొవదోంగా సరస్సుల కొండపై వొల్లెరింగ్ గెలిచినప్పటికీ మొత్తం మీద 9 సెకన్లు తక్కువ పడినవి. గాలి వీచే చోటు ముందుగానే పటంలో గుర్తించి ఉంచుట నేడు ప్రతి జట్టు చేసే పనే. కాబట్టి ఆగే చోటును ఎంచుకొనుట కూడా ఎత్తుగడలో భాగమేనని వాదించేవారున్నారు.

వ్రాతలో ఉన్న నియమాలు కూడా తక్కువ కఠినమైనవి కావు. 2023 టూర్‌లో టైరు పగిలిన తరువాత తన జట్టు కారు చాటున పోయినందుకు వొల్లెరింగ్‌కు 20 సెకన్ల శిక్ష పడినది.

చరిత్ర

ఫ్రాన్సులో మహిళలకు దశల పందెం 1955లో ఒకసారి జరిగినది. ఐల్ ఆఫ్ మాన్‌కు చెందిన మిల్లీ రాబిన్సన్ గెలిచింది. 1984లో పురుషుల టూర్‌తో పాటు మహిళల టూర్ మొదలైనది. మొదటి విజేత అమెరికాకు చెందిన మారియాన్ మార్టిన్. 1985, 1986లలో ఇటలీకి చెందిన మరియా కానిన్స్, తరువాత మూడు సంవత్సరాలు ఫ్రాన్సుకు చెందిన జానీ లోంగో విజేతలు. మంచుపై స్కీయింగ్ పోటీల నుండి వచ్చిన కానిన్స్ 1985లో పర్వతాలలో ప్రత్యర్థులను ఎంత దూరం వదలినదన్న, లోంగోకు ఆమెకు నడుమ చివరికి 20 నిమిషాలకు పైగా తేడా మిగిలినది. 1989 తరువాత ఆ పందెం ఆగిపోయినది. ఇతర పేర్లతో ఇతరులు నడిపిన పందేలు 2009 వరకు కొనసాగినవి. ఇటలీలో 1988 నుండి నడుస్తున్న జిరో ఒక్కటే చాలాకాలం మహిళలకు పెద్ద పందెంగా నిలిచినది.

2022లో టూర్ డి ఫ్రాన్స్ ఫామ్ పేరుతో 8 దశల పందెం తిరిగి ప్రారంభమైనది. ఆ సంవత్సరం విజేతకు బహుమతి 50,000 యూరోలు. పురుషుల విజేతకు 5,00,000 యూరోలు. 2025లో దీనిని 9 దశలకు పెంచినారు. ఆ సంవత్సరం మాడ్లెన్ కనుమపై ముగిసిన 8వ దశలో పోలిన్ ఫెరాన్-ప్రెవో ఒంటరిగా గెలిచి పసుపు జెర్సీ ధరించినది. మరునాడు షాతెల్‌లో కూడా ఒంటరిగానే గమ్యం చేరినది. 1989లో లోంగో తరువాత ఫ్రాన్సు మహిళ ఒకరు టూర్ గెలుచుట అదే మొదటిసారి. వొల్లెరింగ్ 3 నిమిషాల 42 సెకన్ల తేడాతో ద్వితీయ స్థానంలోను, నీవియాడోమా తృతీయ స్థానంలోను నిలిచినారు.